లేహ్‌కు బైకు ప్రయాణం: ముందు శ్రీనగర్ దారా, మనాలి దారా?

వచ్చే జూలైలో కార్బురేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న నా పాత బైకు మీద లేహ్ వెళ్లి రావాలని నిర్ణయించుకున్నాను. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉండగా, దారిలో చాలామంది రాత్రి బస చేసే సర్చు 4,200 మీటర్లు దాటుతుంది. 3,000 మీటర్ల పైన నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెబుతారు కనుక, శ్రీనగర్, కార్గిల్ మీదుగా మెల్లగా ఎక్కి, తిరుగు ప్రయాణంలో మనాలికి దిగడమే మేలని నాకు తోస్తోంది. ఈ ఆలోచన సరైనదేనా? 5,300 మీటర్ల ఎత్తైన తంగ్లంగ్ లా కనుమ (మనాలి దారిలోనిది) వద్ద గాలి పలుచబడి ఇంజిన్‌కు అందే మిశ్రమంలో పెట్రోలు వాటా ఎక్కువవుతుంది కాబట్టి, మెయిన్ జెట్‌ను (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ముక్కను) చిన్నదానితో మార్చుకోవాలా, లేక ఉన్నదానితోనే నెమ్మదిగా నెట్టుకురావచ్చా? (జెట్ మార్చడం నాకింకా చేతకాదు, నేర్చుకోవడానికి సిద్ధమే.) ఇలాంటి బైకుతో ఆ కనుమలు దాటినవారు దయచేసి తెలుపగలరు.