కేనోపీ మీద గీతలు ఎలా పోగొట్టాలి?

రెక్కల_రాజు: 1/48 స్కేల్ సుఖోయ్-30 ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో కేనోపీకి (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) విడిగా కవర్ లేదు. మిగతా ముక్కలతో రాసుకుని గీతలతో వచ్చింది, నడిమధ్య పొడుగ్గా ఇంకో గీత. ఏ నంబర్ పేపర్‌తో మొదలుపెట్టాలి? సూపర్ గ్లూ వాడితే తెల్లపొగ పట్టకుండా ఎలా? హైదరాబాద్‌లో మైక్రోమెష్ (పాలిష్‌కి వాడే సన్న గరుకు గుడ్డ) ఎక్కడ దొరుకుతుంది?

మిగ్_మామ: నడిమధ్యది అచ్చు గీత. బుడగ కేనోపీ కింద లోపలికి తిరుగుతుంది కాబట్టి అచ్చు ముక్కలుగా చేస్తారు, అవి కలిసే చోటది. బ్లేడు నిలువుగా పట్టి మెల్లగా గీకు. తర్వాత 1500, 2000 వాటర్ పేపర్, తడి మీదే. చివర్లో టమియా పాలిష్ కోర్స్, ఫైన్, ఫినిష్. మీరు పుట్టకముందు నుంచీ ఇదే చేస్తున్నా.

ఓపిక_తక్కువ: అంత చాకిరీ ఎందుకు బ్రో, ఫ్యూచర్‌లో ముంచి ఆరబెట్టు.

విశాఖ_మోడలర్: ఆ ఫ్లోర్ పాలిష్ ఆ పేరుతో రావడం ఎప్పుడో ఆగిపోయిందండీ. ఉన్నా గోరుకి తగిలే గీతని కప్పదు. నేనైతే 2000 పేపర్ అయ్యాక మైక్రోమెష్ 1500 నుంచి 12000 దాకా వెళ్తా.

మిగ్_మామ: 2000 తర్వాత 1500 ఏంటి సార్?

విశాఖ_మోడలర్: మైక్రోమెష్ నంబర్లు వేరు గురువుగారూ.

మిగ్_మామ: వేరు కాబట్టే అడిగా. మైక్రోమెష్ 1500 మన 2000 వాటర్ పేపర్ కంటే బాగా గరుకు. 3600 నుంచి ఎక్కండి.

విశాఖ_మోడలర్: ముందు నా మిరాజ్ విమానం మోడల్ ఫొటో చూడండి. కాక్‌పిట్‌లో స్విచ్‌లు లెక్కపెట్టొచ్చు.

మిగ్_మామ: పెట్టొచ్చు. సగం పని మీరు కొత్తగా పెట్టిన గీతలు తీయడానికే సరిపోయుంటుంది.

డల్లాస్_చిన్నోడు: కొట్టుకోవడం ఆపండి, మోటార్ టూల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా క్లబ్‌లో ఒకాయన స్పీడు పెంచి తిప్పాడు, రాపిడి వేడికి కేనోపీ మెత్తబడి సొట్టపోయింది. చేత్తోనే రుద్దండి.

కారు_పెయింటర్: మేం రోజూ హెడ్‌లైట్లు తెల్లగా చేస్తాం. రబ్బింగ్ కాంపౌండ్ వేస్తే అద్దమే.

డల్లాస్_చిన్నోడు: అన్నా, హెడ్‌లైట్ పాలీకార్బొనేట్, ఇది పాలీస్టైరీన్. ఘాటు సాల్వెంట్ తగిలితే సన్న పగుళ్లొస్తాయి.

కారు_పెయింటర్: నీళ్లతో కలిపే కాంపౌండ్లూ ఉంటాయి తమ్ముడూ, మాకూ తెలుసు.

రెక్కల_రాజు: మరి సూపర్ గ్లూ?

ఓపిక_తక్కువ: దాన్ని కేనోపీ దగ్గరికి రానివ్వకు. ఫెవికాల్ సన్నగా రాయి, ఆరితే కనపడదు. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచెయ్.

విశాఖ_మోడలర్: మిరాజ్ అంటే గుర్తొచ్చింది, 7వ స్క్వాడ్రన్ డెకాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తులు) 1/48లో ఎవరి దగ్గరైనా మిగిలాయా? డబ్బులిస్తా. మామగారు తప్ప ఎవరైనా చెప్పండి.

మిగ్_మామ: నా దగ్గరే ఉన్నాయి.