9 అడుగుల దూరం, చెమ్మ గోడ, రాత్రి పడిపోయే వోల్టేజీ: ఏ టీవీ కొనాలి, ఎలా బిగించాలి?

చెరువుగట్టు (పాలకొల్లు దగ్గర) అడిగారు:

అందరికీ నమస్కారమండి. పాత డబ్బా టీవీ తీసేసి గోడకి పెద్దది పెడదామనుకుంటున్నాం. హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. టీవీ తూర్పు గోడకి, సోఫా దానికి ఎదురుగా 9 అడుగుల దూరంలో. సోఫా వెనకాల పడమటి కిటికీ ఉంది. నాన్నగారి మంచం ఉత్తరం గోడ వారగా ఉంటుంది, అక్కణ్ణుంచి తెర బాగా ఏటవాలుగా కనపడుతుంది. ఇల్లు పాతది, ఇటుక గోడ. వానాకాలంలో కింద రెండడుగుల మేర చెమ్మ ఎక్కుతుంది.

చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రి ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే మోటార్లు) తిరగడం మొదలెడితే వోల్టేజీ 160–170కి దిగిపోతుంది. ఇప్పుడున్నది మామూలు కేబుల్ కనెక్షన్. పిల్లలేమో ఫోన్లో యాప్‌లు చూస్తారు, అవి కూడా టీవీలో రావాలి.

43 అంగుళాలా, 55 అంగుళాలా? గోడకా, స్టాండు మీదా? స్టెబిలైజర్ కొనాలా? ఇంకొకటండి, సెట్‌టాప్ బాక్సు వెనక వైరు పట్టుకుంటే సన్నగా జిల్లుమంటోంది. పర్లేదా?

---

కొలబద్ద (అమలాపురం):

ఆయ్, ముందు సైజు సంగతి చూద్దాం. తెరని మూల నుంచి మూలకి కొలిచిన అంగుళాలని 1.6తో గుణిస్తే కూర్చోవాల్సిన దూరం వస్తుంది. 43కి 5 అడుగుల 9 అంగుళాలు, 55కి 7 అడుగుల 4 అంగుళాలు, 65కి 8 అడుగుల 8 అంగుళాలు. ఆ లెక్కన మీ 9 అడుగులకి 65 కూడా పడుతుంది. అయినా నేను 55 దగ్గరే ఆగమంటాను. ఎందుకంటే మీ మామూలు కేబుల్ బొమ్మలో ఉండేది 576 గీతలు. 4కే తెరలో ఉండేవి 2160. లేని గీతలన్నీ టీవీ తనంతట తాను ఊహించి పూరించాలి. తెర పెరిగేకొద్దీ ఆ అతుకులు బయటపడతాయి, వార్తల కింద పరిగెత్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. టీవీతోపాటు హెచ్‌డీ బాక్సు కూడా మార్పించుకోండి, లేకపోతే ఇంట్లోవాళ్లు మొదటిరోజే "పాతదే బాగుంది" అంటారు.

55 అంటే వెడల్పు 4 అడుగులు, ఎత్తు 27 అంగుళాలు. కొనకముందే గోడ మీద సుద్దముక్కతో ఆ దీర్ఘచతురస్రం గీసి ఒక రోజు చూసుకోండి.

ఇప్పుడు మంచం విషయం. మీ ఇంటికి అసలు ప్రశ్న ఇదే. ఎల్‌ఈడీ టీవీల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాల పానెళ్లు వస్తాయి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా ఉన్నా పక్కనుంచీ అదే రంగు. వీఏ గొప్పతనం తెలిసేది చీకటి గదిలో. పడమటి కిటికీ ఉన్న హాల్లో సాయంత్రం వెలుతురు తెర మీద పడితే ఆ చిక్కటి నలుపు ఎలాగూ మిగలదు. పైగా నాన్నగారు పక్కనుంచి చూస్తారు. కాబట్టి మీకు ఐపీఎస్ నయం.

షాపులో అడిగితే చాలామందికి తెలీదు. పైగా ఒకే మోడల్‌లో రెండు రకాలూ వచ్చే సందర్భాలున్నాయి. మీరే చూసుకోండి: మనిషి ముఖం ఉన్న బొమ్మ ఆపించి, ఎదర నుంచి మొదలెట్టి తెర అంచు దాకా పక్కకి నడవండి. ముఖం పాలిపోయి, జుట్టు నలుపు బూడిద రంగుకి తిరిగితే అది వీఏ. ఇక క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) అనుకోకండి. అదీ వెనక లైటు వెలిగే ఎల్‌సీడీయే, రంగుల కోసం ఒక పొర అదనం, అంతే. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18. బిల్లులో చూసుకోండి.

గోడకి మేకు దించే ముందు ఇంకొక్కటి. ఒకళ్లని టీవీ వచ్చే చోట ముఖం చూసుకునే అద్దం పట్టుకుని నిలబడమనండి. సాయంత్రం అయిదింటికి మీరు సోఫాలో, నాన్నగారు మంచం మీద. ఆ అద్దంలో ఎవరికి కిటికీ కనపడితే, ఆపేసిన తెరలో వాళ్లకి అదే కనపడుతుంది. దానికి మందు టీవీలో లేదు, కిటికీకి మందపాటి కర్టెన్ వెయ్యడమే.

---

తాపీపని (రాజోలు):

గోడ గురించి నేను చెప్తాను. చెమ్మ రెండడుగులకి కనపడిందంటే లోపల ఇంకా పైకి ఎక్కి ఉండొచ్చు. టీవీ వచ్చే చోట అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా మూసేయండి. ఒక రోజంతా ఉంచి చూడండి. కాగితం లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బొట్లు పట్టాయా, చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే అది గాలిలో తేమ, గోడ తప్పు కాదు. లోపలివైపు పడితే ఈ ఏడాది స్టాండు మీదే పెట్టుకోండి. సిమెంటు పూత పూసి పైన బిగిస్తే ఆ నీళ్లు ఎక్కడికీ పోవు, పూత వెనకే ఉండి వచ్చే వానలకి పెచ్చులుగా ఊడతాయి.

గోడ పొడిగా ఉంటే వేలి మెటికలతో కొట్టుకుంటూ పోండి. గుల్లగా మోగిన చోట ప్లాస్టరింగు ఇటుకని వదిలేసిందని అర్థం, అక్కడ బెజ్జం వద్దు. మిగతా చోట 10 మిల్లీమీటర్ల బిట్టుతో 70 మిల్లీమీటర్ల లోతు. పాత ఇటుకైతే డ్రిల్లుని హ్యామర్ (కొడుతూ తిరిగే) మోడ్‌లో పెట్టకండి, ఇటుక లోపలే పగులుతుంది. బిట్టు వెంట వచ్చే పొడిని చూస్తే గోడ సంగతి తెలిసిపోతుంది. ముందు బూడిద రంగు, అది ప్లాస్టరింగు. తరవాత ఎర్రపొడి రావాలి. ఎర్రపొడి రాకుండా ఇసక రాలుతూ బిట్టు సర్రున దిగిపోతే రెండిటుకల మధ్య అతుకులో పడ్డారు, అంగుళంన్నర పక్కకి జరగండి. పొడి రాలకుండా బిట్టుకే ముద్దలా అంటుకుంటే అది తడి, ప్లాస్టిక్ కాగితం పరీక్ష సరిగ్గా చెయ్యలేదన్నమాట.

స్క్రూని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు మొత్తం ఇటుకలోకి దిగాలి. తల ప్లాస్టరింగులోనే ఉండిపోతే ఆ పట్టు పట్టు కాదు.

ఇక బ్రాకెట్టు. మంచంవైపు తిప్పుకోవచ్చని ముందుకు లాగే చెయ్యి ఉన్నది కొనాలనిపిస్తుంది. లెక్క చూడండి. 16 కిలోల టీవీని గోడ నుంచి 40 సెంటీమీటర్లు ముందుకు లాగారు, బ్రాకెట్టు పైస్క్రూలకీ కిందిస్క్రూలకీ మధ్య 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. పైస్క్రూలని గోడలోంచి ఊడదీసే లాగుడు 32 కిలోలు. అదే గోడకి 3 సెంటీమీటర్లలో అతుక్కునే బ్రాకెట్టుకి రెండున్నర కిలోలు కూడా లేదు. మీ పాత ఇటుక గోడకి, దగ్గరగా అతుక్కునే బ్రాకెట్టే పెట్టండి. ఐపీఎస్ తీసుకుంటే తిప్పాల్సిన పనీ ఉండదు.

ఎత్తు: సోఫాలో కూర్చున్నప్పుడు నేల నుంచి కంటి దాకా కొలవండి, 40–42 అంగుళాలు వస్తుంది. తెర మధ్యభాగం అక్కడ ఉండాలి. అంటే 55కి కింది అంచు 28 అంగుళాల దగ్గర. చాలా ఇళ్లలో క్యాలెండరు తగిలించే ఎత్తులో పెట్టేస్తారు, అరగంటకే మెడ పట్టేస్తుంది. జాగ్రత్త: టీవీ వెనక బెజ్జాలు సరిగ్గా మధ్యలో ఉండవు, చాలావాటికి కిందికి ఉంటాయి. టీవీ కింది అంచు నుంచి పైబెజ్జం దాకా కొలిచి, ఆ లెక్కతోనే గోడ మీద గుర్తు పెట్టాలి. పెట్టెని పడుకోబెట్టి తీసుకురావద్దు, నిలువుగానే, ఇద్దరు పట్టుకోవాలి.

---

లంకగాలి (ముమ్మిడివరం):

వోల్టేజీ 160 అంటున్నారు కాబట్టి స్టెబిలైజర్ లేకుండా మాత్రం పెట్టకండి బాబూ. బోర్డు కాలిపోతే ఖర్చు బోలెడు.

---

మల్టీమీటర్ (భీమవరం):

లంకగాలి గారు కోప్పడకపోతే ఒక మాట. తక్కువ వోల్టేజీకి ఇప్పటి టీవీలు కాలవండి. టీవీ వెనక లేబుల్ మీద "100–240 వోల్టులు" అని ఉంటే 160కి హాయిగా నడుస్తుంది, కరెంటు కాస్త ఎక్కువ లాగుతుందంతే. "220–240" అని మాత్రమే ఉంటే అప్పుడు స్టెబిలైజర్ ఆలోచించండి.

కాల్చేది ఎక్కువ వోల్టేజీ. మనకి వచ్చేది మూడు ఫేజుల లైనులోంచి ఒక ఫేజు (కరెంటు తెచ్చే తీగ), ఒక న్యూట్రల్ (అది తిరిగి వెళ్లే తీగ). ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగిందా, తక్కువ లోడు ఉన్న ఇంటికి 230 బదులు 400 దాకా ఎక్కొచ్చు. ఏరేటర్లు ఒక ఫేజు మీద బరువుగా ఉండి మీ ఫేజు తేలిగ్గా ఉంటే దెబ్బ మీకే. ఆ డబ్బుతో మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి. 270 దగ్గర కట్ అయ్యేలా, కరెంటు వచ్చాక నిమిషం ఆగి కలిపేలా సెట్ చేయించండి. టీవీ ఒక్కటే కాదు, ఫ్రిజ్జూ మోటారూ కూడా బతుకుతాయి.

జిల్లుమనడం గురించి. సెట్‌టాప్ బాక్సు అడాప్టరుకి రెండే పిన్నులు. లోపల చిన్న కెపాసిటర్ గుండా మెయిన్స్ నుంచి చాలా సన్నటి కరెంటు బాక్సు లోహభాగానికి వస్తుంది. మామూలుగా అది ప్రాణాపాయం కాదు. కానీ టీవీకి మూడు పిన్నుల ప్లగ్గు ఉండి, సాకెట్లో ఎర్తు నిజంగా ఉంటే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా అది నేలకి పోవాలి. పోకపోతే టీవీ ఆన్‌లో ఉండగా ఆ తీగ పెట్టి తీసినప్పుడల్లా పోర్టు మీద పడుతుంది. పోర్టులు చచ్చిపోవడానికి ఇదొక పెద్ద కారణం. తీగ కలిపేటప్పుడు రెండు ప్లగ్గులూ తీసెయ్యండి. కరెంటు మేస్త్రీ చేత టీవీ సాకెట్లో మూడు కొలతలు తీయించి ఇక్కడ రాయండి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్తు, న్యూట్రల్–ఎర్తు.

---

చెరువుగట్టు:

అందరికీ ధన్యవాదాలండి. ప్లాస్టిక్ కాగితం అంటించాం, నేలకి మూడడుగుల పైన గోడవైపు పొడిగానే ఉంది. మేస్త్రీ గారు తీసిన కొలతలు: ఫేజు–న్యూట్రల్ 214, ఫేజు–ఎర్తు 109, న్యూట్రల్–ఎర్తు 103. ఎర్తు బాగానే వస్తోందా?

---

మల్టీమీటర్ (భీమవరం):

లేదండి, మీకు ఎర్తు లేదు. ఉంటే ఫేజు–ఎర్తు కూడా 210 దాటి రావాలి, న్యూట్రల్–ఎర్తు రెండు మూడు వోల్టులు మించకూడదు. రెండూ సగం సగం చూపిస్తున్నాయంటే ఆ తీగ ఎక్కడో గాల్లో వేలాడుతోంది. బోర్డులో మూడో పిన్నుకి తీగ కలిపి, ఆ చివర నేలకి కలపలేదో, ఎర్తు గొయ్యి దగ్గర తుప్పు పట్టి తెగిందో చూడాలి. మీ వైపు ఉప్పు నేలల్లో రెండోదానికే అవకాశం ఎక్కువ.

ఎర్తు పైపు తలదగ్గర బోల్టు విప్పించి చూడండి. జీఐ (జింకు పూత ఇనుప) పైపు సన్నబడిపోయి ఉంటే కొత్తది వేయించండి, రెండున్నర మీటర్ల లోతు. మన దగ్గర నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి నేల ఎప్పుడూ తడే. బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పొయ్యాలని మేస్త్రీ అంటే ఉప్పు మాత్రం వద్దనండి, ఆ నేలలో ఉన్నదే పైపుని తినేస్తోంది. రాగిపూత కడ్డీ అయితే ఇంకా మేలు. పని అయ్యాక మీటరు ఒక్కటే నమ్మొద్దు, తుప్పు పట్టిన ఎర్తు కూడా మీటరుకి 230 చూపిస్తుంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి మేస్త్రీయే చూడాలి, వెలుతురు తగ్గకూడదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్చి) ఉంటే ట్రిప్ అవుతుంది, అదీ మంచి గుర్తే. ఎర్తు తేలేదాకా ప్రొటెక్టర్ పక్కన సర్జ్ అరెస్టర్ పెట్టినా ఉపయోగం అంతంతే, పిడుగు దెబ్బని అది పంపాల్సింది ఆ తీగలోకే.

ఉరుములు వచ్చేలా ఉంటే స్విచ్చి ఆపితే చాలదు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు తీసి, కేబుల్ తీగ కూడా బాక్సు నుంచి విప్పండి. పై నుంచి వచ్చే దెబ్బ ఎక్కువగా ఆ తీగ వెంటే దిగుతుంది.

---

కొలబద్ద (అమలాపురం):

మిగిలిన చిన్నా చితకా. టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు "షాపా, ఇల్లా" అని అడుగుతుంది, ఇల్లు అనే నొక్కండి. షాపు అంటే వెలుగు ఎప్పుడూ పూర్తిగా ఉండిపోతుంది. బొమ్మ "సినిమా" మోడ్‌లో, షార్ప్‌నెస్ పదిలోపు, కదలికని నున్నగా చేసే సెట్టింగు ఆఫ్. అది ఆన్‌లో ఉంటే సినిమా కూడా సీరియల్లా కనపడుతుంది. వార్తల అక్షరాలు అంచుల్లో తెగిపోతుంటే స్క్రీన్ ఫిట్ అని ఉంటుంది, అది పెట్టాలి. యాప్‌లకి 4కే బొమ్మ ఆగకుండా రావాలంటే ఇంటర్నెట్ వేగం కనీసం 15 ఎంబీపీఎస్ కావాలి, రూటరు వేరే గదిలో ఉంటే దాని నుంచి టీవీకి లాన్ తీగ లాగేయండి.

బిగించిన రోజే తెల్ల, నల్ల, ఎరుపు, పచ్చ, నీలం ఖాళీ తెరలు ఒక్కోటి వేసి చుక్కలు ఉన్నాయేమో చూడండి. పెట్టె విప్పుతుండగా వీడియో తీయండి. గోడకీ టీవీకీ మధ్య తీగలు వచ్చే కన్నం తెల్ల సిమెంటుతో మూసెయ్యండి, బల్లులు అక్కణ్ణుంచే లోపలికి వెళ్తాయి. టీవీ వెనక గాలి కన్నాలు మాత్రం మూయకూడదు. కిటికీలోంచి వచ్చే కేబుల్ తీగ కన్నం కన్నా జానెడు కిందికి వంగి, మళ్లీ పైకి ఎక్కి లోపలికి రావాలి. అలా వంపు లేకపోతే వాన నీరు తీగ వెంట జారి నేరుగా బాక్సులోకే దిగుతుంది.

---

చెరువుగట్టు:

ఎర్తు పైపు తవ్వించామండి. బోల్టు దగ్గర చేత్తో పట్టుకుంటే విరిగిపోయింది. కొత్త కడ్డీ దిగాక 55 ఐపీఎస్ తెస్తాం.

---

మల్టీమీటర్ (భీమవరం):

కడ్డీ వేశాక న్యూట్రల్–ఎర్తు ఎంత వచ్చిందో రాయండి. ఏరేటర్లు తిరుగుతున్నప్పుడు, రాత్రి తొమ్మిది దాటాక తీయాలి, పగటి కొలత వద్దు. అప్పుడు పది వోల్టులు దాటితే స్తంభం దగ్గర న్యూట్రల్ వదులై ఉండే అవకాశం ఉంది. లైన్‌మన్‌కి చెప్పి అది చూసి బిగించేదాకా టీవీ పెట్టె విప్పకండి.