సేవ చేస్తానని వచ్చిన వ్యాపారిని ఇన్వెస్టర్లు ఏం చూసి నమ్ముతారు?

మెతుకుసీమ: మా మెదక్ జిల్లాలో మొదలైన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ గుర్తుందా, పల్లెల్లో పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చే కంపెనీ? 2010 జులై, ఆగస్టుల్లో తొలిసారి జనానికి షేర్లు అమ్మకానికి పెడితే, 985 రూపాయల షేరుకు, ఉన్నవాటికి 13 రెట్లు ఎగబడ్డారు. అక్టోబరులో, అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యలపై గొడవ ముదిరి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలాంటి కంపెనీల వసూళ్లకు ఆంక్షలు పెడుతూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు పడకేశాయి. అంత పెద్దవాళ్లు ఏం చూసి డబ్బు పెట్టినట్టు?

వసంత_కె: ఇలాంటి పరిశీలనే నా ఉద్యోగం. ఎవరూ గుడ్డిగా నమ్మరండీ. ఆడిట్, డైరెక్టర్ల బోర్డు, అంతకుముందు డబ్బు ఎవరు పెట్టారు, అన్నీ చూస్తారు. అన్నిటికన్నా వసూలు శాతం. అప్పట్లో 98, 99 అనేవాళ్లు.

మెతుకుసీమ: వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకుల ఇష్యూకి ముందే కొంత వాటా అమ్ముకున్నారు. అది కనబడలేదా?

వసంత_కె: ప్రాస్పెక్టస్‌లోనే, అంటే షేర్లు అమ్మేముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలోనే ఉంది. దాచలేదు కదా.

మెతుకుసీమ: చెప్పి అమ్మితే సరిపోయిందా?

వసంత_కె: చట్టప్రకారం సరిపోయింది.

కాఫీరాజా: రెండు రోజులుగా ఈ షేర్ల దగ్గరే ఉన్నారు బాబూ.

రమణ_గుంటూరు: నేను ఒక కంపెనీలో (పేరెందుకులెండి) వసూళ్లు చేశాను. గ్రూపులో ఐదుగురు. ఒకామె కట్టకపోతే మిగతా నలుగురినీ చాప మీంచి లేవనిచ్చేవాళ్లం కాదు. చివరికి వాళ్లే కొంగు ముడి విప్పి తలా కాస్త వేసేవాళ్లు. నేను ఆమె కార్డు మీద ‘చెల్లించారు’ అని రాసేవాణ్ణి. మీ 99 శాతం అదే. ఇన్వెస్టర్లు వచ్చినప్పుడు ఏ ఊరు చూపించాలో మేనేజర్ ముందే చెప్పేవాడు. నాకు రావలసిన ఇన్సెంటివ్ మాత్రం ఇప్పటికీ రాలేదు.

వసంత_కె: మీ బాకీ కోపం రంగం మొత్తం మీద చూపిస్తే ఎలా? మదుపరి తన డబ్బు భద్రం చూసుకోవడం నేరమా? అప్పు తీసుకున్నవాళ్ల సంగతి చూడాల్సింది రిజర్వు బ్యాంకు. 2011లో రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ నివేదిక వచ్చాక వడ్డీకి పరిమితి పెట్టారు కూడా, 2022 దాకా అది ఉంది.

మెతుకుసీమ: ఇప్పుడు బయటపడ్డారు! నమ్మకం అంటే మీ డబ్బు మీకు తిరిగి రావడమేనన్నమాట. మరి ‘సేవ’ అని బోర్డెందుకు?

వసంత_కె: ఆ బోర్డు లేకపోతే ఆ పల్లెలకు అంత డబ్బు వచ్చేదే కాదు. ఆర్డినెన్స్ తర్వాత ఆ ఆడవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లారో రమణగారినే అడగండి.

రమణ_గుంటూరు: వడ్డీ వ్యాపారి దగ్గరికే, నూటికి ఐదుకి. కాదనను. కానీ మేడమ్, మా వారం వాయిదా కట్టడానికీ ఆయన దగ్గరే తెచ్చేవాళ్లు. ఆ అప్పు మీ రిపోర్టులో ఏ కాలమ్‌లో ఉంటుంది?