అణువ్యర్థాలను వేల ఏళ్లు దాచాలంటే: గట్టి రాయా, ఉప్పు పొరా, బంకమట్టా?

ప్రశ్న (దేవరకొండ, భౌతికశాస్త్ర విద్యార్థి):
లంబాపూర్, పెద్దగట్టు యురేనియం నిక్షేపాల మీద మా దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా, చివరికి మిగిలే వ్యర్థాన్ని ఎక్కడ పెడతారన్న ప్రశ్న దగ్గర మాట ఆగిపోతోంది. ఫిన్లాండ్ గట్టి రాతిని, అమెరికా ఉప్పు పొరను, ఫ్రాన్స్ బంకమట్టి పొరను ఎంచుకున్నాయని చదివాను. వీటిలో ఏది ఎక్కువ నమ్మదగినది? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కింద ఉన్నది చాలావరకు గ్రానైటే కాబట్టి మన నేల కూడా ఆ పనికి సరిపోతుందనే వాదన సరైనదేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నల్లగొండ, భూగర్భశాస్త్ర అధ్యాపకుడు):
రాయి ఎంత గట్టిదన్నది తర్వాతి విషయం. దానిలో నీరు కదులుతుందా, కదిలితే ఎంత వేగంగా అన్నదే ముందు చూడాలి. ఎందుకంటే పాతిపెట్టిన పదార్థం తిరిగి మనిషిని చేరడానికి ఉన్న ముఖ్యమైన దారి భూగర్భజలమే. మన గ్రానైట్ సంగతి మన బోర్లే చెబుతున్నాయి. పక్కపక్క చేలల్లో ఒకరి బోరులో నీళ్లు పడి, మరొకరి బోరులో దుమ్ము మాత్రమే లేస్తుందంటే, నీరు రాతిలో కాక దాని పగుళ్లలో ఉన్నదని అర్థం. మర్రిగూడ ప్రాంతపు నీటిలోకి ఫ్లోరైడ్ వచ్చింది కూడా ఆ రాతి ఖనిజాల నుంచే, చాలాకాలం వాటిని తాకుతూ నిలిచిన నీటి ద్వారానే. కనుక గ్రానైట్ అనే పేరు చూసి నిర్ణయించలేము. ఎంత లోతున పగుళ్లు ఎంత తగ్గాయో ప్రతిచోటా కొలవాల్సిందే.

ఫిన్లాండ్ వారు కూడా రాతిని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఓల్కిలువోటో ద్వీపంలోని ఓంకాలో అనే భూగర్భ కేంద్రంలో, 400 మీటర్లకు పైగా లోతున, వాడిన ఇంధనాన్ని పోత ఇనుప చట్రంలో ఉంచి, దానికి సుమారు 5 సెంటీమీటర్ల మందమున్న రాగి తొడుగు వేసి, గుంతలో మిగిలిన ఖాళీని బెంటొనైట్ మట్టితో నింపేలా ఏర్పాటు చేశారు. తడి తగిలితే ఉబ్బి నీటి దారిని మూసేయడం ఆ మట్టి గుణం. ఇదే పద్ధతిని ఎంచుకున్న స్వీడన్‌లో, రాగి ఎంతకాలం తుప్పును తట్టుకుంటుందని పర్యావరణ న్యాయస్థానం 2018లో సందేహం లేవనెత్తింది. ప్రభుత్వం 2022లో అనుమతి ఇచ్చింది.

ఉప్పు పొరకు వేరే బలం ఉంది. నీరు పారి ఉంటే అది ఎప్పుడో కరిగిపోయేది. పైగా ఒత్తిడికి మెల్లగా జరిగి, తవ్విన ఖాళీని తానే మూసేస్తుంది. న్యూమెక్సికోలోని ‘విప్’ కేంద్రం 1999 నుంచి సుమారు 655 మీటర్ల లోతున రక్షణ రంగపు ప్లుటోనియం వ్యర్థాన్ని స్వీకరిస్తోంది. 2014లో అక్కడ ఒక డ్రమ్ము పగిలి రేడియోధార్మికత బయటపడింది. తప్పు ఉప్పుది కాదు, తేమ పీల్చడానికి కలిపిన సేంద్రియ పదార్థం నైట్రేట్లతో చర్య జరపడమే కారణం. జర్మనీలోని ఆస్సే కథ ఇంకా ఘోరం. ఎన్నో ఏళ్లు తవ్వి వదిలేసిన ఉప్పు గనిలో లక్షకు పైగా పీపాలు దించారు, ఇప్పుడు నీరు చేరుతుంటే వాటిని బయటికి తీయాలని చట్టం చేసుకున్నారు. నన్నడిగితే ఫ్రాన్స్‌లో బ్యూర్ దగ్గర సుమారు 500 మీటర్ల లోతున ఉన్న బంకమట్టి పొరే మేలు. అందులో నీరు దాదాపు పారదు, పదార్థం అణువణువుగా వ్యాపించాలంతే.

జవాబు 2 (మహబూబ్‌నగర్, విశ్రాంత ఇంజనీరు):
ఏ వ్యర్థం అన్నది కూడా చెప్పుకోవాలి. సీజియం-137 అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 30 ఏళ్లు, ప్లుటోనియం-239ది 24,000 ఏళ్లకు పైమాటే. రెండింటికీ ఒకే ఏర్పాటు చేయడం డబ్బు దండగ. మన దేశంలో వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసి, యురేనియం, ప్లుటోనియం వేరు చేశాక, మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి గట్టిపరుస్తారు. తారాపూర్‌లో ఆ గాజు డబ్బాలను గాలి ప్రవాహంతో చల్లబరుస్తూ దశాబ్దాల పాటు నిల్వ ఉంచే కేంద్రం ఉంది. ఇది నిల్వే, శాశ్వత పరిష్కారం కాదు. అందుకోసమే గతంలో కోలార్ బంగారు గనిలో, సుమారు కిలోమీటరు లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎలా ప్రవర్తిస్తుందో పరిశీలించారు. సముద్రంలో పారవేయడాన్ని అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది కనుక ఆ ఊసు వద్దు.

జవాబు 3 (అమ్రాబాద్, ఉపాధ్యాయురాలు):
పై జవాబులు రియాక్టరు వ్యర్థం గురించి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో శాసనసభ తీర్మానించినప్పుడు, మా భయం వేరొక వ్యర్థం గురించి. యురేనియం తీసేశాక మిగిలే ముడిరాతి బురదలో థోరియం-230, రేడియం-226 ఉండిపోతాయి. రాతిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అందులోనే మిగులుతుంది. థోరియం-230 అర్ధాయువు 75,000 ఏళ్లు. దీనికి రాగి తొడుగు లేదు, 400 మీటర్ల లోతూ లేదు. సాధారణంగా కట్ట వేసిన చెరువులో, నేల మీదనే ఉంచుతారు. పరిమాణం చాలా ఎక్కువ కాబట్టి లోతున పాతడం ఆర్థికంగా కుదరదంటారు. పెద్దగట్టు పక్కనే నాగార్జునసాగర్ జలాశయం ఉందని గుర్తుంచుకుంటే, మన జిల్లాల్లో అడగవలసిన ప్రశ్న ఇదే.

దేవరకొండ విద్యార్థి:
ధన్యవాదాలు మేడమ్, సార్. బోర్లంటే గుర్తొచ్చింది: మరీ లోతైన బోరు వేసి, తీవ్ర వ్యర్థాన్ని అందులోనే దించితే సరిపోదా?

జవాబు 1 రాసిన అధ్యాపకుడు:
ఆ ఆలోచన ఉంది. సుమారు 5 కిలోమీటర్ల బోరు వేసి, అడుగు భాగంలో వ్యర్థాన్ని దించి, పైభాగాన్ని మూసేయాలన్నది ప్రతిపాదన. అంత లోతున నీరు ఉప్పగా, బరువుగా ఉండి పైకి కలవదు. అమెరికా క్షేత్ర పరీక్షకు పూనుకుని, 2017లో విరమించింది. చిక్కు ఏమిటంటే, డబ్బా మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. ఫ్రాన్స్ చట్టమైతే కనీసం 100 ఏళ్లు వెనక్కి తీసుకోగల వీలు ఉండాలంటోంది.