తేనెటీగల హోరును శ్రుతికి లాగాలా, శ్రుతినే హోరు దగ్గరికి తేవాలా?

వెదురుపుల్ల:
వయొలిన్, చెల్లో, తేనెపెట్టె రికార్డింగు. ఈ మూడు గొంతులతో 12 నిమిషాల రచన. రికార్డింగులో హోరు 250 హెర్ట్జ్ చుట్టూ ఉంది, వాద్యాలేమో ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ అనే శ్రుతిలో ఉన్నాయి. 250 అంటే బి స్వరం (246.94) కంటే 21 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైన, సి (261.63) కంటే బాగా కింద. అటూ కాదు, ఇటూ కాదు. హోరును, స్వరస్థానం సరిచేసే పిచ్ కరెక్షన్‌తో బి మీదికి దించడమా, వాద్యాల ‘ఏ’ (A) తీగను 445కి బిగించడమా? నా మొగ్గు దించడానికే. హోరు కాస్త జరిగితే వినేవాళ్లు పట్టుకోలేరు గానీ వయొలిన్ అపస్వరం పలికితే వెంటనే పట్టేస్తారు.

వడపోత:
ముందు ఆ 250 ఎంతవరకు నిజమో తేల్చండి. ఏ విండోతో, అంటే ఒక్కసారికి ఎంత ముక్క తీసుకుని కొలిచారు? 48 కిలోహెర్ట్జ్ రికార్డింగు మీద 4096 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (శబ్దంలో ఏ హెర్ట్జ్ ఎంతుందో విడదీసే లెక్క) వేస్తే ఒక్కో గడి 11.7 హెర్ట్జ్ వెడల్పుంటుంది. 250 దగ్గర అది దాదాపు 80 సెంట్లు, అంటే అర స్వరానికి కొంచెం తక్కువ. ఆ కొలబద్దతో 21 సెంట్ల తేడా గురించి మాట్లాడటమంటే గజం బద్దతో దారం మందం కొలవడమే. 16384 పాయింట్లు పెడితే గడి 2.9 హెర్ట్జ్‌కు దిగుతుంది. అలాంటి ఫ్రేములు రెండు మూడు వందలు సగటు తీసి చూడండి. అప్పుడు కనిపించేది గీత కాదు, దిబ్బ. వేల ఈగలు, ఒక్కోదాని రెక్కల వేగం ఒక్కో తీరు. దిబ్బకు ఒక శిఖరం ఉంటుంది గానీ ఒక స్వరం ఉండదు.

పిచ్ కరెక్షన్ తప్పేది కూడా ఇక్కడే. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క గొంతును వెతుక్కుంటుంది. దిబ్బ ఇస్తే ఈ ఫ్రేములో 238, పక్క ఫ్రేములో 256 అనుకుంటూ రెంటినీ బి మీదికి లాగుతుంది. చివరికి చేతికొచ్చేది తేనెపట్టు కాదు, నీళ్లలో గులగులలాడే రోబో.

వెదురుపుల్ల:
ఒప్పుకుంటున్నాను, 4096తోనే చూశాను. 16384తో చూస్తే దిబ్బ 215 నుంచి 265 దాకా పరుచుకుని ఉంది, శిఖరం 243 దగ్గర. మరి ఇంత వెడల్పున్నది వయొలిన్‌తో కలిస్తే చెవికి ఎందుకు గుచ్చుకుంటోంది?

చట్రం_సందు:
మీ రికార్డింగులో కింది శబ్దాలు లేనందువల్ల కావచ్చు. దేనితో తీశారో రాయలేదు. 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్లను (అదురును విద్యుత్తుగా మార్చే పలక) నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపి ఉంటే సగం జవాబు దొరికినట్టే. ఆ బిళ్ల కెపాసిటెన్సు సుమారు 20 నానోఫారడ్‌లు. ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లైతే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా నీరుగారిపోతుంది. అసలు హోరు పోయి, 500 పైనుండే దాని అనుస్వరాలూ ఈగల కాళ్ల గీకుడూ మిగులుతాయి. చెవికి గుచ్చుకునేది అదే. గిటార్ కోసం ఉండే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు పెట్టండి, కోత 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఈ ఒక్క మార్పుతో శ్రుతి గొడవ సగం సద్దుమణుగుతుంది.

బిళ్లను ఎక్కడ పెడతారన్నది ఇంకో సంగతి. పెట్టె గోడకు అంటిస్తే గాలి, మూత చప్పుళ్లే ఎక్కువ. పట్టు కట్టే చట్రాల్లో పిల్ల ఈగలున్నదాని పైబద్దకు స్క్రూతో బిగించాలి. చట్రాల మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు చెడకూడదు. అంతకంటే ఇరుకైతే ఈగలు జిగురు పూసి మూసేస్తాయి, వెడల్పైతే అక్కడ కొత్త పట్టు కడతాయి. గాలి మైకు పెట్టేవాళ్లు స్పాంజి టోపీ మాట మరిచిపోండి, కొరికి బయట పారేస్తాయి. సన్నని స్టీలు జల్లెడ తొడిగినా కొన్నాళ్లకు దాని రంధ్రాలను జిగురుతో పూడ్చేస్తాయి, పైశబ్దాలు మొద్దుబారతాయి. పెట్టె తెరిచి పొగపెట్టిన వెంటనే తీసిన రికార్డింగు దేనికీ పనికిరాదు, అది కంగారుపడ్డ పట్టు చప్పుడు. మైకు అమర్చి మూత పెట్టేసి, మర్నాటి దాకా దాని జోలికి పోకండి.

జంటతీగ:
కొలత, మైకు సరే. అసలు ప్రశ్న అలాగే ఉంది. పిచ్ కరెక్షనూ వద్దు, తీగలు బిగించడమూ వద్దు, ప్లేబ్యాక్ వేగం మార్చండి. 250ని 246.94కు తేవాలంటే 1.2 శాతం నెమ్మది చేస్తే చాలు, 12 నిమిషాలు 12 నిమిషాల 9 సెకన్లవుతుంది. స్వరాల మధ్య నిష్పత్తులు చెదరవు, దిబ్బ ఆకారం చెదరదు, రోబో రాదు. మీ కొత్త శిఖరం 243 అయితే 1.6 శాతం వేగం పెంచాలి. ఎటైనా పనే.

వడపోత:
ఒక్క నిమిషం ముక్కకైతే పనే. 12 నిమిషాలూ హోరు ఒక్కచోటే ఉంటుందని ఎవరన్నారు? ఎండ పెరిగి గూడు 35 డిగ్రీలు దాటబోతుంటే కూలి ఈగలు గుమ్మం దగ్గర నిలబడి రెక్కలతో విసరడం మొదలుపెడతాయి. ఎగిరేటప్పటి కంటే ఆ రెక్కల వేగం తక్కువ, హోరు కిందికి వంగుతుంది. గుంపు విడిపోయి లేచే ముందు కూలి ఈగల కూత పైపైకి పాకుతుంది. ఒకే నిష్పత్తి వేస్తే మొదట్లో శ్రుతిలో ఉంటుంది, చివర్లో ఉండదు. నిష్పత్తిని జరుపుతూ పోతే ఆ పాకుడే చచ్చిపోతుంది. ఇంత వినదగ్గ గమకాన్ని చదును చేసి ఏం సాధిస్తారు?

రాణిగది:
హోరు వెంట పడి అసలు పాటను వదిలేస్తున్నారు. పట్టులో స్వరం అనదగ్గది రాణి కూత. గదిలోంచి బయటికొచ్చిన కొత్త రాణి పట్టుకు ఛాతీ ఆనించి, రెక్కలు మడిచి, ఒక సెకను పైన సాగే దీర్ఘం తీస్తుంది. దాని వెనకే పావు సెకను పొట్టివి వరసగా వస్తాయి. ఇది 400 హెర్ట్జ్ ప్రాంతం. ఇంకా గదుల్లోనే ఉన్న రాణులు 350 ప్రాంతంలో, మరీ పొట్టి ముక్కలతో బదులిస్తాయి. రెంటికీ తేడా ఒక స్వరం, ఆపైన కాస్త. రాణి కూసినంతసేపూ చుట్టూ ఉన్న కూలి ఈగలు కదలకుండా నిలిచిపోతాయి. రచనలో దీన్ని వాడుకోవడం చాలా తేలిక: దీర్ఘం వచ్చిన చోట మిగతా గొంతులన్నీ ఆగాలి.

శ్రుతికి లాగడం తప్పేమీ కాదని కూడా చెబుతాను. తేనెటీగల మీద పుస్తకం రాసిన ఇంగ్లండు వాడు చార్లెస్ బట్లర్ 1609లోనే రాణుల కూతను స్వరలిపిలో పెట్టాడు. 1623 ముద్రణలో దాన్ని నాలుగు గొంతుల పాటగా అల్లాడు. చేతిలో యంత్రం లేదు, చెవి ఒక్కటే. ఆయన చేసింది క్వాంటైజేషన్ (దగ్గరి స్వరానికి సర్దడం) కాక మరేమిటి?

వడపోత:
బట్లర్ ఈగల శబ్దాన్ని మార్చలేదు, మనుషులు పాడేందుకు రాసుకున్నాడు. వయొలిన్‌కు రాసే స్వరాన్ని మీ ఇష్టమొచ్చినట్టు సర్దుకోండి, రికార్డింగును మాత్రం ముట్టుకోకండి. లండన్ క్యూ గార్డెన్స్‌లోని ది హైవ్ అనే తేనెపట్టులాంటి కట్టడం కోసం సంగీతకారులు ఈగల శబ్దం వింటూ సి శ్రుతిలో వాయించారు. కదిలింది మనుషులే.

ఎనిమిదంకె:
శబ్దాన్నే వాడాలన్న నియమం ఎక్కడుంది? మనం మైకుతో పట్టేది గాలి ఒత్తిడిని. ఈగ మీసాలు పట్టేది దగ్గర్లో గాలి కదలికను, కాళ్లు పట్టేది మైనపు గదుల అదురును. మనం విన్నది ఈగ వినదు. ప్రవర్తనను తీసుకుంటే శ్రుతి తగాదాయే ఉండదు.

పువ్వు ఎక్కడుందో చెప్పడానికి ఈగ పట్టు మీద పరుగెత్తుతూ చేసే ఊగుడు నాట్యాన్ని చూడండి. నిలువు గీతకూ పరుగుకూ మధ్య కోణమే సూర్యుడికీ పువ్వుకీ మధ్య కోణం. తేనెటీగల శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ విప్పిన లెక్క అది. ఒక సెకను ఊగితే పువ్వు సుమారు ఒక కిలోమీటరు దూరం. కోణాన్ని స్వరస్థానంగా మారిస్తే 30 డిగ్రీలకు ఒక అర స్వరం. 359 డిగ్రీలూ 1 డిగ్రీ పక్కపక్కనే ఉంటాయి, సప్తకం కూడా చుట్టు తిరిగి మొదటికే వస్తుంది కనుక ఎక్కడా తెగదు. సూర్యుడు గంటకు సగటున 15 డిగ్రీలు జరుగుతాడు. అంటే అదే పువ్వు గురించి చెప్పే నాట్యం రెండు గంటల్లో అర స్వరం జరుగుతుంది.

జాగ్రత్త ఒకటుంది. ఒకే ఈగ వరస పరుగుల్లో కోణం పది డిగ్రీల పైనే అటూ ఇటూ ఊగుతుంది, పువ్వు దగ్గరైతే ఇంకా ఎక్కువ. ప్రతి పరుగునూ ఒక స్వరం చేస్తే రచన తాగినవాడి నడకలా ఉంటుంది. నాలుగైదు పరుగుల సగటు తీయండి. ఊగుడు వేగం సెకనుకు 13 నుంచి 15. 13ని పదహారో వంతు స్వరాలుగా రాస్తే నిమిషానికి 195 బీట్లు, ముప్ఫై రెండో వంతుగా రాస్తే 97.5. రెండోదే వాయించగలిగేది.

జంటతీగ:
బాగుంది గానీ అది వింటే తేనెటీగ అని ఎవరికీ తట్టదు. ఏ పట్టికనైనా స్వరాలుగా మార్చొచ్చు, వర్షపాతాన్నైనా.

ఎనిమిదంకె:
పట్టికైతే తట్టదు, నియమాలైతే తడుతుంది. కొత్త గూటికి చోటు వెతికొచ్చిన ఈగ తిరిగొచ్చిన ప్రతిసారీ నాట్యంలో సుమారు 15 పరుగులు తగ్గిస్తుందని తేనెటీగల పరిశోధకుడు థామస్ సీలీ కొలిచాడు. ఇంకో చోటు వైపున్న ఈగ వచ్చి తలతో పొడిచి పొట్టిగా ఒక బీప్ చేస్తే నాట్యం మరింత త్వరగా ఆగుతుంది. వయొలిన్‌కొక చోటు, చెల్లోకొక చోటు ఇచ్చి, తగ్గింపూ పొడుపూ రెండూ నియమంగా పెట్టండి. ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టకండి. పొడుపు లేకుండా తగ్గింపు ఒక్కటే పెడితే ఇద్దరూ మెల్లగా చల్లారి ఊరుకుంటారు, పోటీ వినబడదు.

వెదురుపుల్ల:
పిచ్ కరెక్షన్ మానేస్తున్నాను. తీగలూ బిగించను. హోరును అలాగే వదిలి, దానికి పక్కన ఇంకో ట్రాకులో 246.94 దగ్గర, ఆ చుట్టుపక్కల హెర్ట్జ్‌లనే వదిలే బ్యాండ్‌పాస్ పెట్టి బి స్వరం ఒక్కటే పిండుకుందామని ఆలోచన. క్యూ (ఫిల్టర్ ఎంత సన్నగా కోయాలో చెప్పే అంకె) ఎంత పెట్టాలి? 200 పెడితే బాగా పలుకుతోంది.

వడపోత:
హోరుకైతే పెట్టుకోండి. గదుల్లోని రాణుల కూతలను దాని గుండా పంపాలంటే మాత్రం ఫిల్టర్‌ను 350 దగ్గరికి జరపాలి, క్యూ 200 ఉంచకూడదు. మీ 246.94 దగ్గర క్యూ 200 అంటే వెడల్పు 1.2 హెర్ట్జ్, మోగింది చల్లారడానికి 1.8 సెకన్లు. 350 దగ్గర కాస్త తగ్గి 1.3 సెకన్లవుతుంది. ఐదో వంతు సెకను పొడవుండే ఆ జవాబు కూతలన్నీ ఒకదానిలో ఒకటి కరిగి ముద్దవుతాయి. అక్కడ 30 పెట్టండి, 0.2 సెకన్లలో ఆగుతుంది. పిండిన ట్రాకును అసలు హోరు కంటే 10, 12 డెసిబెళ్లు కింద ఉంచండి. అంతకంటే పెంచితే ఆర్గన్ వాయిస్తున్నట్టుంటుంది.

చట్రం_సందు:
రచనకు పేరు పెట్టేటప్పుడు తుమ్మెద అని మాత్రం పెట్టకండి. అది చెక్క తొలిచే ఒంటరి జీవి. దాని ఝంకారానికి పట్టూ లేదు, రాణీ లేదు.