ఒక్కడు, అటువైపు వందమంది: మీకు నిజంగా భయం వేసిన ఫైట్ ఏది?

మూడో వరుస:
రాత్రి ఒక యాక్షన్ సినిమా చూశాను. పేరు అనవసరం. హీరో ఒక్కడే, అటువైపు తక్కువలో తక్కువ ఎనభై మంది ఉంటారు. పది నిమిషాల ఫైటు. గోడలు పగిలాయి, జీపులు పల్టీలు కొట్టాయి. నాకు మాత్రం గుండె కాస్త కూడా అదరలేదు.

ఇదే నేను, ‘డై హార్డ్’ (1988) మొదటిసారి చూసినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అక్కడ అటువైపు ఉన్నది ఓ డజను మందే. ఎనభై మంది కంటే ఆ డజను మందే ఎక్కువగా ఎందుకు అనిపించారు? పొద్దుటి నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. “వీడు ఈసారి బయటపడడు” అని మీకు నిజంగా అనిపించిన సీన్ చెప్పండి. ఊరికే పేర్ల లిస్టు వద్దు. ఏ క్షణంలో అనిపించింది, ఎందుకు అనిపించింది, అది కావాలి.

రీలు పెట్టె:
డై హార్డ్ వరకైతే జవాబు హీరో పాదాల్లోనే ఉంది. విమానంలో పక్క సీటాయన చిట్కా చెబుతాడు గుర్తుందా? బూట్లు, సాక్సులు విప్పేసి కార్పెట్ మీద కాలివేళ్లు ముడుస్తూ నడవమంటాడు, ప్రయాణం బడలిక పోతుందని. హీరో సరిగ్గా ఆ పని చేస్తున్నప్పుడే దుండగులు బిల్డింగ్‌లోకి దిగుతారు. ఇక సినిమా అంతా వట్టి కాళ్లే. మొదట చంపినవాడి బూట్లు తొడుక్కుందామని చూస్తే సరిపోవు. తర్వాత విలన్ ఆ కాళ్లు గమనిస్తాడు, అద్దాలు కాల్చమంటాడు. గాజుపెంకుల మీద నడిచి వెళ్లి, బాత్రూంలో ఒక్కో ముక్కా పీక్కుంటూ, వాకీటాకీలో ముక్కూమొహం తెలియని పోలీసుతో తన భార్యకి చెప్పాల్సిన మాటలు చెబుతాడే, అక్కడ నాకు పక్కాగా అనిపించింది, వీడు పోతాడు అని. ఎందుకంటే ఆ క్షణంలో అతనికే అలా అనిపించింది.

చివరికి మిగిలేవి రెండు బుల్లెట్లు, వీపుకి టేపుతో అంటించుకున్న తుపాకీ. రెండే.

నిద్రలేని రాత్రి:
పైన రీలు పెట్టె గారు చెప్పింది చదువుతుంటే నాకు అభిమన్యుడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ఆ కథ చెప్పించుకున్న ప్రతిసారీ ఈసారైనా బయటపడతాడేమో అనుకునేదాన్ని. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, రావడం తెలియదు. వెనకే రావాల్సిన పాండవుల్ని సైంధవుడు వాకిట్లోనే ఆపేశాడు. అక్కడి నుంచి చూడండి ఎలా నడుస్తుందో: విల్లు పోయింది. గుర్రాలు పోయాయి, సారథి పోయాడు. కత్తీ డాలూ పట్టాడు, అవీ పోయాయి. రథచక్రం ఎత్తాడు. అదీ ముక్కలైతే గద అందుకున్నాడు.

అంటే ఆ కథ శత్రువుల్ని పెంచుకుంటూ పోలేదు, పిల్లవాడి చేతిలో ఉన్నవి ఒక్కొక్కటీ లాగేసుకుంటూ పోయింది. నాకు వణుకు పుట్టించిన సినిమాలన్నీ ఇదే పని చేశాయి. మీరు చూసిన ఎనభై మంది ఫైట్‌లో హీరో ఏం పోగొట్టుకున్నాడు? చొక్కా చిరిగి ఉంటుంది, అంతేగా.

మూడో వరుస:
నిజమే అండీ. చొక్కా కూడా పైన రెండు గుండీలే.

పాత ఫైటర్:
నేను పదకొండేళ్లు ఫైటర్‌గా పనిచేశాను. కింద పడి దెబ్బలు తినే బ్యాచ్‌లో. మీరు అడిగినదానికి నేలమీద పడుకున్నవాడి వైపు నుంచి జవాబు చెప్తాను.

హీరో చుట్టూ ఇరవై మంది ఉంటే, ఒక షాట్‌లో పని ఉండేది ముగ్గురికో నలుగురికో. మిగతావాళ్లం అరవాలి, కర్ర ఊపాలి, అడుగు ముందుకేసి వెనక్కి రావాలి. మన వంతు కోసం ఆగుతున్నామని కెమెరాకి తెలియకూడదు. మంచి మాస్టర్ కంపోజ్ చేస్తే ఒకడు కింద పడేలోపే రెండోవాడి చెయ్యి గాల్లో ఉంటుంది. ఆ గ్యాప్ పెరిగిందా, అయిపోయింది, వరుసలో నిలబడి దెబ్బలు తిని వెళ్తున్నట్టు ఉంటుంది. జనం ఎక్కువయ్యేకొద్దీ గ్యాప్ దాచడం కష్టం. మీకు భయం వేయకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

రెండోది రోప్. నడుముకి రోప్ కట్టి లాగితే మనిషి గాల్లో పోతాడు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒక్క గుద్దుకి ఇరవై అడుగులు పోయాడంటే ఆ మనిషికి బరువు లేదని చూసేవాళ్ల కంటికి అర్థమైపోతుంది. బరువు లేనివాడు హీరోని ఏం చేస్తాడు?

మూడోది మేము చేసే పని. దెబ్బ తగిలిందన్న నమ్మకం కొట్టేవాడి వల్ల రాదు, తినేవాడి వల్ల వస్తుంది. గుద్దు మొహం పక్కనుంచి పోతుంది, సరిగ్గా ఆ క్షణానికి మెడ తిరగాలి, ఊపిరి బయటికి రావాలి, మోకాలు మడవాలి. ఆ రియాక్షన్ ఇచ్చిన కుర్రాళ్ల పేర్లు మీకెవరికీ తెలియవు. ఒక షూటింగ్‌లో కింద బెడ్ సరిగ్గా వేయలేదు, నా మోకాలు పోయింది. అక్కడితో ఆపేశాను. ఇప్పటికీ ఫైట్ వస్తే నేను హీరోని చూడను. పడేవాడు ఎలా పడ్డాడో చూస్తాను.

ఎడిట్ టేబుల్:
పాత ఫైటర్ అన్నా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన గ్యాప్ గురించే నాదో మాట. దాన్ని దాచడానికి మా దగ్గరికి వచ్చే దారి కట్. ఒక్కో గుద్దుకి నాలుగు ముక్కలు చేసేస్తే గ్యాప్ కనపడదు. కానీ దాంతో పాటు ఎవరు ఎక్కడున్నారో కూడా కనపడదు. తలుపు ఎటుందో తెలియకపోతే హీరో దానికి దూరమైపోతున్నాడన్న కంగారు ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే ‘ఓల్డ్‌బాయ్’ (2003) కారిడార్ ఫైట్ నాకు పాఠం లాంటిది. దర్శకుడు పార్క్ చాన్‌వుక్ కెమెరాని పక్కనుంచి పెట్టి, గోడ తీసేసినట్టుగా, కట్ లేకుండా చూపించాడు. సన్నటి దారి, చేతిలో సుత్తి, అటు గుంపు. దారి ఇరుకు కాబట్టి ఒకేసారి ఇద్దరు ముగ్గురికంటే మీద పడలేరు. వంతు కోసం ఆగడం అక్కడ తప్పుగా అనిపించదు. వీపులో కత్తి దిగి ఉంటుంది. మధ్యలో కింద పడి లేవలేక లేస్తాడు. కట్ చేసి ఉంటే ఆ అలసట పోయేది.

మెట్లు, కారిడార్, లిఫ్ట్, లారీ క్యాబిన్... ఒక్కడి కథకి ఇరుకైన చోటే కరెక్ట్. ఖాళీ మైదానంలో ఎనభై మంది నిజంగా కొట్టాలనుకుంటే అందరూ ఒకేసారి మీద పడితే సరిపోతుంది. చూసేవాడికి లోపల ఎక్కడో ఆ లెక్క తెలుసు.

చివరి బుల్లెట్:
పోగొట్టుకోవడమే సూత్రం అంటే నేను ఒప్పుకోను. ‘జాన్ విక్’ (2014) తీసుకోండి. అతను పోగొట్టుకోవాల్సిందంతా ఫైట్లు మొదలవకముందే పోయింది. భార్య పోయింది, ఆమె పంపిన కుక్కపిల్ల పోయింది. అక్కడినుంచి మనం చూసేది పనితనం. దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ ఒకప్పుడు ‘మ్యాట్రిక్స్’లో ఇదే హీరో కియాను రీవ్స్‌కి డూప్. పడ్డం తెలిసినవాడు కాబట్టి కెమెరాని దూరంగా పెట్టాడు, షాట్‌ని నిడివిగా ఉంచాడు, మనిషి మొత్తం కనపడతాడు. నాకు ఆ సినిమాలో భయం కాదు, ఒక పనిని అంత బాగా చేసేవాణ్ణి చూస్తున్న ఆనందం కలిగింది. అదీ ఈ సినిమాలు ఇచ్చేదే కదా?

నిద్రలేని రాత్రి:
కాదనను. కానీ మీ పేరులోనే జవాబు ఉందండీ. అందులో అందరికీ నచ్చింది అతను కాల్చడం కాదు, బుల్లెట్లు అయిపోయి మళ్లీ లోడ్ చేసుకోవడం. ఆ రెండు సెకన్లు చేతిలో ఏమీ లేని సెకన్లు.

ఇంకోటి చెప్పి ఆపుతాను. ‘ఏలియన్స్’ (1986)లో హీరోయిన్ రిప్లీ ఏలియన్ల నుంచి బయటపడిపోయింది. అంతరిక్ష నౌక సిద్ధంగా ఉంది, కాసేపట్లో ఆ చోటంతా పేలిపోతుంది. అయినా పాప కోసం ఒక్కతే లిఫ్ట్‌లో కిందికి దిగుతుంది. దిగుతూ ఆయుధాల్ని సిద్ధం చేసుకుంటుంది. మాటల్లేవు. ఊపిరి, చేతులు, కిందికి పోతున్న లిఫ్ట్. అభిమన్యుడికి బయటి దారి తెలియదు. ఈమెకి తెలిసి కూడా లోపలికే వెళ్లింది. కూతురు పుట్టాక ఆ సీన్ మళ్లీ చూశాను. మొదటిసారి ఏలియన్‌కి భయపడ్డాను, రెండోసారి ఆ లిఫ్ట్‌కి.

సౌండ్ పెంచండి:
కొట్టుకోని సీన్ ఒకటి చెప్తాను. ‘ది రెయిడ్’ (2011), ఇండోనేషియా సినిమా, దర్శకుడు గారెత్ ఎవాన్స్. హీరో గాయపడ్డ తోటి పోలీసుతో గోడ వెనక దాక్కుంటాడు. అవతల ఒకడు అనుమానంతో కత్తి తీసుకుని గోడలోకి పొడుస్తుంటాడు. ఒక పోటు ఇటు దిగి హీరో చెంప కోసుకుంటూ వస్తుంది. అరవకూడదు. అరవడు. కత్తి వెనక్కి వెళ్లేటప్పుడు దాని మీద రక్తం కనపడితే దొరికిపోతారని, పోతున్న కత్తిని తుడుస్తాడు.

హెడ్‌ఫోన్స్‌లో చూడండి. సంగీతం కోసం కాదు, అంతసేపు అతను మింగేసిన అరుపు కోసం.

ఇంటర్వెల్ కార్డు:
నాకు ‘ఈగ’ (2012). ఎవరూ చెప్పలేదేంటి? ఒక్కడు వందమంది అనే లెక్కకి ఇంతకంటే పెద్ద తేడా ఎక్కడుంది? ఇటు ఒక ఈగ, అటు ఒక మనిషి. న్యూస్‌పేపర్ మడిచి కొడితే చాలు. అది గుద్దలేదు, తన్నలేదు. కాబట్టి నిద్ర పోనివ్వదు. చెవి దగ్గర తిరుగుతుంది. కారు యాక్సిడెంట్ చేయించి, అద్దం మీద నిన్ను చంపేస్తానని రాసి చూపిస్తుంది. ఉన్న బలం కొంచెం కాబట్టి ప్రతి దెబ్బకీ ఆలోచన కావాల్సి వచ్చింది. రాజమౌళి మిగతా సినిమాల్లో యుద్ధాలు ఎంత పెద్దవైనా, నాకు “అయ్యో, జాగ్రత్త” అని నోటినుంచి మాట వచ్చింది మాత్రం ఈ ఈగకే.

రీలు పెట్టె:
సంఖ్య గురించి కాబట్టి ‘హై నూన్’ (1952) చెప్పకుండా ఉండలేను. అటువైపు నలుగురే. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి వాళ్ల నాయకుడు దిగుతాడు. కథ దాదాపు సినిమా నడిచినంతసేపే నడుస్తుంది, గోడ గడియారాలు కనపడుతూనే ఉంటాయి. హీరో ఆ ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి, సాయం కోసం ఇంటింటికీ తిరుగుతాడు. ఒక స్నేహితుడు లోపలే ఉండి, లేడని భార్యతో చెప్పిస్తాడు. చివరికి కెమెరా పైపైకి లేస్తుంది, కింద ఖాళీ వీధిలో ఒక్క మనిషి. శత్రువులు పెరగలేదు, మనవాళ్లు తగ్గిపోయారు. నిద్రలేని రాత్రి గారి లెక్కే, కాకపోతే ఇక్కడ లాగేసుకున్నది మనుషుల్ని.

గేటు దగ్గరి కుర్చీ:
మా నాన్నతో చూసిన సినిమా గురించి చెప్పాలి. ‘ఫస్ట్ బ్లడ్’ (1982), రాంబో మొదటి సినిమా. అందరూ రాంబో పేరు వినగానే కండలు, మెషిన్ గన్ గుర్తు చేసుకుంటారు. ఆ మొదటి సినిమాలో మన కళ్లముందు చనిపోయేది ఒక్క మనిషి, హెలికాప్టర్ నుంచి పడి. వేట మొదలయ్యాక హీరో తన గాయాన్ని తానే కుట్టుకుంటాడు. చివర్లో గెలవడు. ఒకప్పుడు తన పైఅధికారిగా ఉన్న కల్నల్ ముందు కూలబడి, యుద్ధంలో పోయిన స్నేహితుణ్ణి తలుచుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. 1972 నాటి మూల నవలలోనైతే అతను బతకడు.

మా నాన్న మాట్లాడేవాడు కాదు. ఉద్యోగం పోయిన ఏడాది అసలే మాట్లాడేవాడు కాదు. ఆ ఏడుపు సీన్‌లో నేను పక్కకి చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. అన్ని ఫైట్లూ మర్చిపోయాను, అది మర్చిపోలేదు.

పాత ఫైటర్:
గేటు దగ్గరి కుర్చీ తమ్ముడూ, ఈ ఒక్క పోస్ట్ కోసమే ఈ థ్రెడ్ దాచుకుంటాను.

మూడో వరుస:
అందరి పోస్టులూ చదివాక నిన్న రాత్రి ఓల్డ్‌బాయ్ కారిడార్ మళ్లీ పెట్టాను. ఈసారి పాత ఫైటర్ అన్న చెప్పినట్టు హీరోని వదిలేసి పడేవాళ్లని చూశాను. మధ్యలో ఒకచోట అందరూ ఆగిపోతారు. వాళ్లకీ ఆయాసం. కొందరు మూలుగుతుంటారు, కొందరు పడి ఉంటారు, నిలబడ్డవాళ్లలో ముందడుగు వేయడానికి ఎవరికీ మనసు రాదు. ఇన్నిసార్లు చూశాను, వాళ్లు కూడా భయపడుతున్నారని నాకు ఇప్పుడే కనపడింది.

అన్నా, ఒక్క ప్రశ్న. అలా అలసిపోయినట్టు నిలబడటం కూడా కంపోజింగ్‌లోనే చెబుతారా, లేక అప్పటికి నిజంగానే అలసిపోయి ఉంటారా?

పాత ఫైటర్:
ఆ సెట్లో నేను లేను కాబట్టి మా సంగతి చెప్తాను. మొదటి టేక్‌లో మాస్టర్ చెప్తాడు. ఆరో టేక్ నుంచి చెప్పక్కర్లేదు.