బీఎఫ్ఏ సెకండ్ ఇయర్: స్క్రీన్ మీద మంచిగున్న నీలం ప్రింట్‌ల ఎందుకు చచ్చిపోయింది? ఇంకా డ్రాయింగ్ మీద టైం పెట్టాల్నా వద్దా?

సాంచల_సందు:

అన్నలు అక్కలు అందరికి నమస్తే. నేను అప్లైడ్ ఆర్ట్ (పోస్టర్లు, ప్యాకింగ్‌ల డిజైన్) సెకండ్ ఇయర్ చదువుతున్న, మాది సిరిసిల్ల, నాయిన సాంచలు (కరెంటు మగ్గాలు) నడుపుతడు. ఫస్ట్ ఇయర్ అంత స్టిల్ లైఫ్, నేచర్ స్టడీ, పర్‌స్పెక్టివ్, లెటరింగ్, ఇవే ఉండె. కుండ మీద గుడ్డ ఏసి పెడ్తే దాని మడతలు రెండు రోజులు షేడింగ్ చేసేది, 2బి నుంచి 8బి దాక పెన్సిళ్లు అరిగిపోయేది, చేతులు నల్లగ అయ్యేది, నాకైతే అది మస్తు ఇష్టం ఉండె.

ఈ సెమిస్టర్ నుంచి డిజిటల్ ఇమేజింగ్ మొదలైంది. ల్యాబ్‌ల ఒక సిస్టం మీద ఇద్దరం కూసుంటం, నాకు లాప్‌టాప్ లేదు, హాస్టల్‌కి వచ్చినంక ఫోన్‌ల ప్రాక్టీస్ చేస్త. మొన్న అసైన్‌మెంట్ ఏందంటే ఎ3 పోస్టర్, మీ ఊరి పని మీద. నేను దసరాకి ఇంటికి పోయినప్పుడు రాత్రి షిఫ్ట్‌ల సాంచ కాడ నాయిన ఫోటో తీసిన, ట్యూబ్‌లైట్ కింద, ఫోన్‌తోని. ఆ ఫోటోని ఫ్రెండ్ వాట్సాప్‌కి పంపి ల్యాబ్‌ల దించుకొని, నాయినని కట్ చేసి, ఎనక మంచి ముదురు నీలం ఏసిన. స్క్రీన్ మీద ఆ నీలం ఎంత మంచిగుండెనో, వెలిగిపోతుండె. పైన "మా నాయిన మగ్గం" అని పెట్టిన. ప్రింట్ తీసుకొచ్చి చూస్తే నీలం కాస్త వంకాయ రంగు లెక్క మబ్బుగ వచ్చింది, నాయిన మొఖం అంత చుక్కలు చుక్కలు, పైగా "మగ్గం" అన్న కాడ గ కింద గ వత్తు రాకుండ విడిపోయి "మగ్‌గం" అని పడ్డది. తెల్లారే జ్యూరీ (మా పని చూసి మార్కులు ఏసుడు), మళ్ల తీసే టైం లేదు, పైసలు లేవు. బయట నుంచి వచ్చిన సార్ అందరి ముంగట "తెలుగు పోస్టర్ ఏసి తెలుగే తప్పు రాసినవా" అన్నరు. నేను తప్పు రాయలేదు, కాని ఏం చెప్పాల్నో తెలవక నిలబడ్డ. నాయిన బొమ్మ మీద ఆ మాట పడుడు నాకు ఇంక పోతలేదు.

అడిగేది ఏందంటే ఆ రంగు ఎందుకు అట్ల అయింది, వత్తు ఎందుకు విరిగింది. ఇంకోటి, క్లాస్‌ల అందరు డ్రాయింగ్ వేస్ట్, కంపెనీలల్ల సాఫ్ట్‌వేరే అడుగుతరు, ఇప్పుడు ఏఐ కూడ వచ్చింది అంటున్నరు. నేను పొద్దుగాల గంటన్నర లైఫ్ స్టడీ (మనుషులను చూసి గీసుడు) చేస్త, అది మానేసి ఫోటోషాప్‌కే పెట్టాల్నా? లాప్‌టాప్ కొంటే ఏం చూస్కోవాలె? నాయిన చీటీ ఎత్తి ఇస్త అంటుండు, అందుకే మంచిగ అడిగి కొందామని.

ప్యాకింగ్_రంగులు:

చెల్లీ, ముందు రంగు సంగతి చెప్తా. నేను అప్లైడ్ ఆర్టే చదివి ప్యాకేజింగ్ డిజైన్‌లో ఉన్నా, ఈ నీలం దెబ్బ తినని వాళ్లు మా ఫీల్డ్‌లో ఎవరూ లేరు. స్క్రీన్ వెలుతురు బయటికి పంపిస్తుంది, ఎరుపు ఆకుపచ్చ నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుంది, అదే ఆర్‌జీబీ. కాగితానికి సొంత వెలుగు లేదు, మీద పడ్డ వెలుతురులో కొంత ఇంకు మింగేసి మిగిలింది మన కంటికి పంపిస్తుంది. ప్రింట్‌లో ఉండేవి సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులే, అదే సీఎంవైకే. నీలం అనే ఇంకు లేనే లేదు, సయాన్ మీద మెజెంటా పడితే మనకి నీలంగా కనపడుతుంది. నువ్వు వేసిన వెలిగే నీలం ఆ నాలుగు ఇంకులతో పుట్టే రంగుల హద్దు దాటి ఉంది, కాబట్టి మెషిన్ దగ్గర్లో ఉన్న ఇంకో రంగుకి లాగేసింది, మెజెంటా ఎక్కువై వంకాయ రంగు అయింది.

ఈసారి నీలం కావాలంటే సయాన్ 100 పెట్టి మెజెంటా 60, 70 దాటనివ్వకు, రెండిటికీ మధ్య కనీసం 30 తేడా ఉండేలా చూసుకో. ఫోటోషాప్‌లో వ్యూ మెనూలో ప్రూఫ్ కలర్స్ ఉంటుంది, కంట్రోల్ వై కొడితే ప్రింట్‌లో రంగు ఎలా ఉండొచ్చో స్క్రీన్ మీదే చూపిస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ వై కొడితే ప్రింట్‌కి అందని రంగులన్నీ బూడిద రంగులో మార్క్ అవుతాయి. పని మొదలుపెట్టినప్పుడే చూడాలి, అంతా అయ్యాక చూస్తే గుండె ఆగుతుంది.

మొఖం చుక్కలు రావడానికి సగం కారణం వాట్సాప్. ఎ3 సైజు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3508 బై 4961 పిక్సెల్స్ కావాలి. ఫోటో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, పొడుగు వైపు 1600 పిక్సెల్స్ మిగిలాయనుకో, పదహారున్నర అంగుళాల కాగితం మీద పరిస్తే అంగుళానికి వంద కూడా రావు. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, లేదా కేబుల్ పెట్టి ఎక్కించుకో. మిగతా సగం రాత్రి తీయడం వల్ల, చీకట్లో ఫోన్ కెమెరా గ్రెయిన్ (సన్న చుక్కలు) తెస్తుంది.

లాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ చాలు. జనం చూడనిది స్క్రీన్. అది ఎన్ని రంగులు చూపించగలదో శాతంలో రాస్తారు. తక్కువ ధరవి చాలా వాటిల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది, అందులో రంగులు పాలిపోయి కనపడతాయి, దాన్ని నమ్మి రంగు పెంచుతావు, ప్రింట్ ఇంకోలా వస్తుంది. 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని ఉన్నది చూసుకో. హాస్టల్‌లో పెట్టుకోగలిగితే సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్, మంచి మానిటర్ ఇంకా చవక, నాయినగారి చీటీ మొత్తం పోదు. ఫోటోషాప్ బదులు క్రిటా, జింప్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఫ్రీ, క్రిటాలో సీఎంవైకే కూడా ఉంది.

డ్రాయింగ్ గురించి నా మాట ఒక్కటే. మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్లో ఫైనల్ డిజైన్లు అందరివీ బాగుంటాయి, నేను రఫ్ స్కెచ్‌లు చూపించమంటాను. ఏఐ బొమ్మ తెచ్చినవాళ్లని ఈ చెయ్యి ఇక్కడ కాకుండా అక్కడ ఎందుకు పెట్టలేదు అంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. పొద్దున గంటన్నర మానొద్దు.

బెజవాడ_డీటీపీ:

అమ్మా, వత్తు విషయం నన్ను చెప్పనివ్వు, పాతికేళ్ళ నుంచి అదే పని. తప్పు నీది కాదు. ఫోటోషాప్ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఇంగ్లీషు లాంటి భాషలకి తగ్గట్టు అక్షరాలు పేరుస్తుంది, ఒకదాని పక్కన ఒకటి. మన అక్షరం పక్కకే కాదు కిందకీ పైకీ పోతుంది, గకి గ వత్తు కింద చేరాలి, ఆ సంగతి దానికి చెప్పాలి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళు, టైప్ అని ఉంటుంది, అక్కడ మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనేది ఎంచుకో, కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. తర్వాత ఫోటోషాప్ మూసి మళ్ళీ తెరిచి కొత్త టెక్స్ట్ లేయర్ మీద టైప్ చెయ్యి. పాత ఫైల్లో ఉన్న అక్షరాలు ఊరికే మారకపోవచ్చు, పేరాగ్రాఫ్ ప్యానెల్లో కూడా వరల్డ్ రెడీ పెట్టుకోవాలి. జింప్‌లో అయితే ఈ గొడవ లేదు, వత్తులు సరిగ్గానే పడతాయి.

మా ప్రెస్సుల్లో ఇప్పటికీ అనూ ఫాంట్లే ఎక్కువ, అవి యూనికోడ్ (అన్ని సిస్టంలలో ఒకేలా పనిచేసే అక్షరాల కోడ్) కాదు, లోపల ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినట్టు, అందుకే నీ ఫైల్ అవతలి సిస్టంలో తెరిస్తే ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లో రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, గురజాడ అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి, పోస్టర్ హెడ్డింగుకి రామభద్ర నిండుగా ఉంటుంది. ఏది వాడినా ప్రింటుకి ఇచ్చేముందు అక్షరాల్ని షేపుగా మార్చి పీడీఎఫ్ చేసి ఇవ్వు, అసలు ఫైల్ వేరేగా దాచుకో. సన్న అక్షరాలు నల్లవి అయితే నలుపు ఇంకు ఒక్కటే 100 పెట్టు, నాలుగు ఇంకులూ కలిపిన నలుపు పెడితే ఒక్కో ఇంకుకీ ఉండే ప్రింటింగ్ ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది.

ఇంకో మాట. నువ్వు ఫస్టియర్లో లెటరింగ్ నేర్చుకున్నానన్నావు కదా, మరి హెడ్డింగ్ బ్రష్షుతో నువ్వే రాసి స్కాన్ చేసి పెట్టొచ్చుగా? బాపు గారి చేతిరాత కంప్యూటర్ ఫాంట్ అయ్యింది, అంతకుముందు అది ఒక మనిషి చెయ్యే. కాగితం మీద ఇండియన్ ఇంకుతో పది సార్లు రాయి, అందులో ఒకటి నీకే తెలుస్తుంది. వీలైతే ఏ ఆఫ్‌సెట్ ప్రెస్సుకైనా వెళ్ళి ఒక పూట మెషిన్ పక్కన నిలబడు, నాలుగు ఇంకులు ఒకదాని మీద ఒకటి పడటం కళ్ళారా చూస్తే మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

బొగ్గుపుల్ల:

నేను పెయింటింగ్ చేశాను, ఎంఎఫ్ఏ కూడా. డ్రాయింగ్ వేస్ట్ అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ బాధ ఉంది, ఎందుకంటే నేను కూడా డిజిటల్ క్లాస్‌లో మొదటి నెలంతా ఇది నా లోకం కాదు అనుకుని వెనక బెంచీలో కూర్చున్నాను, ఒకరోజు మేడం హిస్టోగ్రాం (ఫోటోలో నలుపు తెలుపులు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) తెరిచి ఎడమ పక్క నలుపులు, కుడి పక్క తెలుపులు, మధ్యలో ఇవన్నీ అని చూపిస్తుంటే అది నేను మూడేళ్లుగా బొగ్గుతో చేస్తున్నదే కదా అనిపించింది. కుండ మీద గుడ్డకి షేడింగ్ వేసేటప్పుడు ఎక్కడ బాగా నలుపు, ఎక్కడ కాగితం తెల్లగా వదలాలి, మధ్యలో ఎన్ని మెట్లు అని చూస్తాం కదా, ఫోటోషాప్‌లో లెవెల్స్, కర్వ్స్ అనే టూల్స్ అదే పని చేస్తాయి. 8 బిట్ ఫైల్లో ఒక్కో ఛానెల్‌కి, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఒక్కోదానికి, 256 మెట్లు. మెట్లు కంప్యూటర్ ఇస్తుంది, ఎక్కడ ఆగాలో నీ కన్నే చెప్పాలి.

డాడ్జ్ (తెల్లబరిచేది), బర్న్ (నల్లబరిచేది) టూల్స్ కూడా ఫోటోలు కడిగే డార్క్‌రూం నుంచి వచ్చినవే, నెగెటివ్‌ని కాగితం మీద పెద్దగా వేసే ఎన్‌లార్జర్ కింద కాగితం మీద పడే వెలుతురుకి కాసేపు చిన్న అట్టముక్క అడ్డం పెడితే అక్కడ తెల్లబడేది, చేతులతో మిగతాదంతా మూసి ఒక్కచోటే ఎక్కువసేపు వెలుగు పడనిస్తే అక్కడ నల్లబడేది. ఆ బర్న్ టూల్ బొమ్మలో చెయ్యి అలా ముడిచి ఉండేది అందుకే.

హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి ఆ వెయిల్డ్ రెబెకా పాలరాతి విగ్రహం ముందు స్కెచ్ బుక్ పెట్టుకుని కూర్చో, శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లు. అంతా తెల్ల రాయే, రంగు లేదు, అయినా ముఖం మీద పల్చటి ముసుగు ఉందని మన కన్ను నమ్ముతుంది, వెలుగూ నీడా తప్ప అక్కడ ఇంకేం లేదు. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్స్ (లోహపు రేకు మీద గీసి తీసే ప్రింట్లు) ఎక్కడైనా అసలువి కనపడితే దగ్గరికెళ్లి గీత గీతా చూడు. ఆయన అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన మనిషి, ఊరి మనుషుల్ని, మేకల్ని సూదిమొనతో రేకు మీద గీశారు. మీ సాంచల షెడ్డు కూడా అలా చూడదగ్గదే.

నీ పోస్టర్ చూడలేదు కానీ ఒకటి అడుగుతాను, నాయిన వెనక ఉన్న షెడ్డు తీసేసి నీలం ఎందుకు వేశావు? ఆ చీకటి, ఆ ట్యూబ్‌లైట్ వెలుగు, గాల్లో దూది, అవే నీ బొమ్మ కదా అనిపిస్తోంది నాకు.

స్కానర్_మీద_వేపాకు:

నేను టెక్సాస్‌లో కంప్యూటర్ సైన్స్ చేస్తూ ఒక్క సెమిస్టర్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో డిజిటల్ ఇమేజింగ్ తీసుకున్నా అండి, ఈజీ క్రెడిట్ అన్నారు, అన్నిటికంటే ఎక్కువ రాత్రులు దానికే మేలుకున్నా. మొదటి అసైన్‌మెంట్‌కి కెమెరా ముట్టుకోవద్దన్నారు, ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద వస్తువులు పెట్టి స్కాన్ చేసి బొమ్మ కట్టాలి. నేను అమ్మ పంపిన పార్శిల్లోంచి ఎండు వేపాకు, ఆవిడ జాకెట్ గుడ్డ ముక్క, చింతపండు పెట్టాను, 600 డీపీఐలో స్కాన్ చేస్తే గుడ్డ నేతలో ఒక్కో పోగు కనిపించింది, నేనెప్పుడూ చూడలేదు దాన్ని అలా. గాజుకి ఆనినది పదునుగా వస్తుంది, కొంచెం పైకి లేచిందల్లా నీడలోకి పోతుంది. మూత తెరిచి పైన నల్ల గుడ్డ కప్పితే వెనకాల చీకటి వస్తుంది.

మీ ఇంట్లో కండెలు, నూలు, గుడ్డ అంచులు ఉంటాయి కదా, ఊళ్ళో ఏ జిరాక్స్ షాపులోనైనా స్కానర్ ఉంటుంది, గాజు మీద గీతలు పడకుండా కింద పల్చటి ట్రాన్స్‌పరెంట్ షీట్ వేసుకుని అడిగి చూడండి. పిక్సెల్స్ తక్కువ అనే బాధ ఉండదు.

ఇంకోటి, ఫోటో మీద నేరుగా చెరపొద్దు, లేయర్ మాస్క్ పెట్టి దాచండి, వారం తర్వాత మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. మీరు కట్ చేసిన ఫైల్లో షెడ్డు ఇంకా ఉందా?

సాంచల_సందు:

అందరికి చాన చాన థ్యాంక్స్, ఒక్కొక్కరి మాట నోట్‌బుక్‌ల రాసుకున్న. షెడ్డు నేను చెరిపేసిన, ఆ ఫైల్‌ల లేదు, కాని ఫోన్‌ల అసలు ఫోటో ఉంది. శనివారం ఇంటికి పోయి పగటి పూట మళ్ల తీసిన, తలుపు తీస్తే వచ్చే వెలుతురుల, ఫోన్‌ని కండెల పెట్టె మీద ఆనించి. కండెలు, అంచు పోగులు బస్టాండ్ కాడ జిరాక్స్ షాపుల స్కాన్ చేయించిన, ఆ అన్న పైసలు తీసుకోలేదు, ఆయనవాళ్ల ఇంట్ల కూడ సాంచలే అంట. "మా నాయిన మగ్గం" బ్రష్‌తో నేనే రాసిన, పద్నాలుగో సారి రాసింది మంచిగనిపించింది. నీలం తీసేసి షెడ్డు చీకటే ఉంచిన. పేజీల ఖాళీ కోసం ఫోటోని అటు ఇటు తిప్పి పెట్టిన, అద్దంల లెక్క.

కలర్ ప్రింట్ ఇంక తియ్యలేదు, మామూలు బ్లాక్ అండ్ వైట్ ఎ4 తీసి నాయినకి చూపించిన. చానసేపు చూసిండు. తర్వాత వేలు పెట్టి "బిడ్డా, నా సాంచ మోటరు గిటు పక్క ఉండదు గదా" అన్నడు. నాకు తిప్పిన సంగతే యాదికి లేదు, సార్లు ఎవ్వరు కూడ పట్టకపోతుండె. రాత్రి కూసొని మళ్ల సీదా చేసిన, హెడ్డింగ్ కుడి నుంచి ఎడమకు జరపాల్సి వచ్చింది, ఇంక సెట్ అయితలేదు, చేస్తున్న.

మేడం సోమవారం దాక టైం ఇచ్చిన్రు. డీటీపీ అంకుల్, ఒక్కటి అడుగుత, ఇంత నలుపు ఉన్న బొమ్మకి మెరిసే ఆర్ట్ పేపర్ మంచిదా, మ్యాట్ మంచిదా? షాపాయన మెరిసేదే తీసుకో అంటుండు, నాకు దూది దుమ్ము మెరుస్తదా అని అనిపిస్తుంది.

బెజవాడ_డీటీపీ:

మ్యాట్ తీసుకో అమ్మా, నీ అనుమానం కరెక్టే. కాకపోతే మ్యాట్ మీద ముదురు నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కర్వ్స్‌లో నీడల్ని ఒక్క పిసరు పైకి లేపి ముందు ఎ4 ముక్క ఒకటి తీయించి చూడు. ఆ ముక్క ట్యూబ్‌లైటు కింద కాదు, పగలు గుమ్మం దగ్గర పట్టుకుని చూడు.